చేనేత ఊళ్లకు అధ్యయన యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేనేత ఊళ్లకు చిన్న బృందంగా వెళ్లి, నేత పనిని దగ్గరగా చూసి నేర్చుకోవాలనుకునే వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులివి. యాత్రలు నడిపే వాళ్లకు కూడా పనికొస్తాయి.

చీరలు కొనడానికి వెళ్లే యాత్రకూ దీనికీ తేడా ఏమిటి?

కొనుగోలు యాత్రలో మగ్గం ముందు పది నిమిషాలు నిలబడి ఫొటో దిగుతారు. ఆ తర్వాత రోజంతా షోరూములోనే గడుస్తుంది. అధ్యయన యాత్రను నూలు చిలప (చుట్టి కట్టిన నూలు కట్ట) దగ్గర మొదలుపెట్టాలి. చిలపలు విప్పి కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం, పడుగు (నిలువు పోగులు) పోయడం, ఆసు పోయడం (పేకను, అంటే అడ్డ పోగుల నూలును, చట్రం మీద పేర్చడం), ముడులు కట్టడం, రంగు వేయడం, గంజి పెట్టడం, అచ్చు (పోగుల్ని విడదీసే దువ్వెనలాంటి చట్రం) అతకడం, ఇవన్నీ అయ్యాకే నాడె (పేకను అటూ ఇటూ మోసే పనిముట్టు) కదులుతుంది. నూలుకు ముందే ముడులు కట్టి రంగు వేసి నేసే ఇక్కత్ చీరలో నేతకు ముందు పనికే నేతకు పట్టేంత సమయం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ పనుల్లో చాలావరకు ఇంట్లో ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు చేస్తారు. మజూరీ మాత్రం చీరకింత అని మగ్గం మీద కూర్చున్న మనిషి పేరునే లెక్క కడతారు. మగ్గం ఒక్కటే చూసి వచ్చేస్తే వీళ్లెవరూ కంటపడరు. అందుకే నేతకు ముందు పనికి కనీసం ఒక పూట కేటాయించని యాత్రను అధ్యయన యాత్ర అనలేం.

బృందంలో ఎంతమంది ఉండాలి?

ఆరుగురు నుంచి ఎనిమిది మంది. ఎక్కువ ఇళ్లలో గుంట మగ్గం ఉండేది ముందు గదిలోనో, వసారాలోనో. నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్లు లోపల తొక్కుడు చెక్కల మీద పెడతారు. పడుగు ఎదురుగా గది పొడవునా చాచి ఉంటుంది. మిగిలిన జాగాలో ముగ్గురు, మహా అయితే నలుగురు నిలబడి నాడె కదలికను చూడగలరు. ఎనిమిది మంది ఉంటే నలుగురు ఒక ఇంట్లో, నలుగురు పక్కింట్లో ఉండి, గంట తర్వాత మారొచ్చు. పదిహేను మంది వస్తే వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి, ఆ ఇంటివాళ్ల పనీ ఆగిపోతుంది.

ఎన్ని రోజులు కావాలి?

ఒక ఊరికి కనీసం ఒక రోజు కావాలి. రెండు రోజులైతే మొదటి రోజు చూసినదాని మీద రెండో రోజు ప్రశ్నలు అడగగలుగుతారు. హైదరాబాద్ నుంచి పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం కలిపి మూడు రోజుల్లో బాగా చూడొచ్చు. మూడూ యాదాద్రి భువనగిరి జిల్లాలోనివే, మూడూ ఇక్కత్ ఊళ్లే, అయినా ఒక్కోచోట పని ఒక్కో రకం. కోస్తా వైపు పొందూరు, ఉప్పాడ, మంగళగిరి, వెంకటగిరి చూడాలంటే ఏడెనిమిది రోజులు ఉంచుకోండి. ఈ దారికి రైలు సౌకర్యం ఉంది. పొందూరుకు, మంగళగిరికి, వెంకటగిరికి సొంత స్టేషన్లున్నాయి. ఉప్పాడకైతే పిఠాపురంలో గానీ సామర్లకోటలో గానీ దిగి రోడ్డు మీద వెళ్లాలి. రెండు రోజుల్లో నాలుగు ఊళ్లు చూపిస్తామంటే ఒప్పుకోకండి, అందులో సగం సమయం వ్యానులోనే పోతుంది.

ఏ ఊళ్లో ఏం చూడాలి?

పోచంపల్లిలో ఆసు చూడాలి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద పేక నూలును అటూ ఇటూ వేలసార్లు తిప్పి పేర్చడమే ఆసు పోయడం. ఒక చీరకు చేత్తో పోస్తే నాలుగైదు గంటలు పడుతుంది. భుజం, మోచేయి, కళ్లు మూడూ దెబ్బతింటాయి. తల్లి ఈ బాధ పడటం చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారుచేశారు. అదే పని యంత్రం మీద గంటన్నరలో అయిపోతుంది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. వీలైతే చేతి ఆసునూ యంత్రాన్నీ ఒకే రోజు చూడండి, యంత్రం ఎంత శ్రమ తప్పించిందో అప్పుడే అర్థమవుతుంది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది కూడా ఈ ఊళ్లోనే, భూదాన్ పోచంపల్లి అన్న పేరు అలా వచ్చిందే. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అప్పటినుంచి సందర్శకులు పెరిగారు, కాబట్టి ముందుగా మాట్లాడుకోకుండా వెళ్లొద్దు.

పుట్టపాకలో తేలియా రుమాలు చూడాలి. ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, అందులో నూలును పిసికి ఆరబెట్టి, మళ్లీ పిసికి ఆరబెట్టి, రెండు మూడు వారాలు ఇదే పని చేస్తారు. దాంతో నూలు మెత్తబడుతుంది, అలిజరిన్ అనే ఎరుపు రంగును బాగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులే సంప్రదాయం. పడుగుకూ పేకకూ రెండింటికీ ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి ఇది డబుల్ ఇక్కత్. ఈ రుమాళ్లు ఒకప్పుడు చీరాల వైపు నుంచి అరబ్బు దేశాలకు వెళ్లేవి. 2020లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఆ పేరును కాపాడే గుర్తింపు) వచ్చింది. పని మొత్తం వారాల తరబడి సాగుతుంది గనుక మీరు వెళ్లిన రోజు ఏ దశ నడుస్తుంటే అదే కనిపిస్తుంది. అన్ని దశలూ ఒకే రోజు చూపిస్తామని ఎవరైనా అంటే అది ప్రదర్శన కోసం పేర్చినదే.

కొయ్యలగూడెం నూలు ఇక్కత్ థాన్లకు, దుప్పట్లకు పేరు పడ్డ ఊరు. చీరల కన్నా డిజైన్ పెద్దది, ముడి పెద్దది, కాబట్టి కొత్తవాళ్లకు ఇక్కత్ లెక్క ఇక్కడే తొందరగా బోధపడుతుంది. మొదటి రోజుకు ఈ ఊరే మంచిదని మా అభిప్రాయం.

శ్రీకాకుళం జిల్లా పొందూరుకు నేత కన్నా వడకడం చూడటానికి వెళ్లాలి. వాలుగ చేప దవడ ఎముకకుండే సన్నని పళ్లతో గింజ మీద పత్తిని దువ్వి చెత్త తీస్తారు. తర్వాత గింజ వేరుచేసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో భద్రం చేస్తారు. ఒకే కదురున్న రాట్నం మీద వంద కౌంటు (కౌంటు అంటే నూలు సన్నదనానికి లెక్క), అంతకన్నా సన్నం నూలు వడుకుతారు. ఈ పని చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్లు. తొందరపెట్టకుండా వాళ్ల పక్కన కూర్చోండి. ఏకు నుంచి పోగు సాగే తీరు కంటికి ఆనడానికే అరగంట పడుతుంది.

ఉప్పాడ, వెంకటగిరి రెండూ జాందానీకి పేరు మోసినవే. బుటా వచ్చే చోట పడుగు పోగులు పైకెత్తి, చిన్న చిన్న కండెలతో రంగు పోగునో జరీనో చేత్తో దూరుస్తారు, ఆపై మామూలు పేక కొడతారు. బుటాలు దట్టంగా ఉంటే రోజంతా నేసినా కొన్ని అంగుళాలే కదులుతుంది. ఉప్పాడ జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనకపక్క వేలాడే పోగులుండవు. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీద చేనేత సాంకేతిక విద్యాసంస్థ కూడా ఉంది. లోపల చూడాలంటే ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి.

మంగళగిరిది సాదా నేత. చీర ఒంటి మీద బుటా ఉండదు, అందమంతా దట్టమైన ఎనభై కౌంటు నూలులోనూ నిజాం అంచు అనే జరీ అంచులోనూ ఉంటుంది. సాదా నేతలో తప్పు దాచుకునే చోటుండదు, ఒక్క పోగు తెగి అతుకు లావైనా కనిపిస్తుంది. గద్వాలలో చూడాల్సింది కుప్పడం. నూలు ఒంటినీ పట్టు అంచునూ వేరు వేరు నాడెలతో నేస్తూ, రెండు పేకలూ కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిపెడతారు.

సిరిసిల్ల పేరు కూడా తరచు వినిపిస్తుంది. అది ప్రధానంగా మరమగ్గాల ఊరు. చేనేతతో పోల్చి చూడటానికి ఒక పూట వెళ్తే మంచిదే, చేనేత చూడటానికి మాత్రం కాదు.

ఇక్కత్‌లో డిజైన్ నూలు మీదికి ఎలా వస్తుంది? ఎక్కడ తప్పుతుంది?

డిజైన్‌ను గళ్ల కాగితం మీద గీస్తారు. ఆసు మీద పేర్చిన నూలును గళ్ల లెక్కన కట్టలుగా విడదీసి, రంగు తగలకూడని చోట్ల సైకిలు ట్యూబు రబ్బరు పట్టీలతో గట్టిగా చుడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పి, కొత్త చోట్ల కట్టి, మళ్లీ ఇంకో రంగులో ముంచుతారు. చివరికి ముడులన్నీ విప్పి, పేకను వరస తప్పకుండా కండెలకు చుడతారు.

తప్పు జరిగే చోట్లు ప్రధానంగా నాలుగు. ముడి వదులైతే రంగు లోపలికి పాకి గీత చెదురుతుంది. విప్పేటప్పుడు బ్లేడు తగిలితే పోగు తెగుతుంది. ఆసు మీద ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా పోస్తే ముడుల మధ్య దూరం మారిపోయి, నేసేటప్పుడు బొమ్మ పక్కకు జరుగుతుంది. కండెల వరస మారితే బొమ్మ మధ్యలో విరిగినట్టు అవుతుంది. చిన్న తేడాలను నేత సమయంలో సరిదిద్దుతారు: ప్రతి పేకకూ నూలును అంచు దగ్గర కొంచెం లాగో వదిలో గుర్తులు కలుపుతారు. నేసే మనిషి చేతిని అంచు దగ్గర గమనించండి. ఎంత వేగంగా నేస్తున్నా ఆ సర్దుబాటు ఆగదు. ఇక్కత్ బొమ్మ అంచులకు ఈకలాంటి మెత్తదనం ఇక్కడే పుడుతుంది.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానాకాలంలో గంజి పెట్టిన పడుగు ఆరదు, రంగు నూలు ఆరదు, కొన్ని ఇళ్లలో గుంటలోకి నీరు ఊరి మగ్గం ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు నూలు పెళుసెక్కి పోగులు తెగుతుంటాయి, చాలామంది తెల్లవారుజామున నేసి మధ్యాహ్నం ఆపేస్తారు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు సభలు, ప్రదర్శనలు చూడొచ్చు, మగ్గం పని చూడటానికి మాత్రం మరో రోజు పెట్టుకోండి. సంక్రాంతి మూడు రోజులూ మగ్గాలు ఆగుతాయి. దసరాకు ముందు ఆర్డర్ల ఒత్తిడిలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

ముందుగా ఏం తెలుసుకుని వెళ్లాలి?

పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, కౌంటు, ఈ ఆరు మాటలు చాలు. పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డ పోగులు. కండె మీద పేక నూలు చుడతారు, అది నాడెలో కూర్చుంటుంది. అచ్చు దువ్వెనలాంటి చట్రం, పడుగు పోగుల్ని విడదీసి ఉంచుతుంది, పేకను నెట్టి కొడుతుంది.

కౌంటు నూలు సన్నదనానికి లెక్క. 840 గజాల చిలపలు ఎన్నయితే ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాములు తూగుతాయో అదే కౌంటు. ఎనభై కౌంటు అంటే అదే బరువులో 67,200 గజాలు, దాదాపు 61 కిలోమీటర్ల పోగు. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇది తెలిస్తే ఒకేలా కనిపించే రెండు చీరల మధ్య ధర తేడా ఎందుకో సగం అర్థమైనట్టే.

మగ్గం మీద కూర్చుని నేయొచ్చా?

అమ్మకానికి నేస్తున్న చీర మీద వద్దు. కొత్త చేతి దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడుతుంది. ఆ చోట బట్టలో అడ్డంగా చార కనిపిస్తుంది, సొసైటీలోనో, నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ దగ్గరో ఆ చీరకు మజూరీ కోత పడుతుంది. నష్టం నేసిన కుటుంబానిదే. సాధన కోసం విడిగా పడుగు ఎక్కించిన మగ్గం ఉంచమని నిర్వాహకుల్ని ముందే అడగండి. దానికి కొన్ని రోజుల వ్యవధి కావాలి, పడుగు పోసి అచ్చు అతకడం ఒక్క పూటలో అయ్యే పని కాదు. ముడులు కట్టడం నేర్చుకోవడానికి ఇంత సరంజామా అక్కర్లేదు, చిన్న నూలు కట్టా రబ్బరు పట్టీలూ ఉంటే ఒక పూటలో చేతి రుమాలంత డిజైన్ కట్టొచ్చు.

ఏం తీసుకెళ్లాలి?

చిన్న భూతద్దం, టేపు, నోటు పుస్తకం, పెన్సిలు. భూతద్దం కింద అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెట్టి ఊరి పేరు పక్కన రాసుకోండి. యాత్ర ముగిసేసరికి ఆ పట్టిక మీకు చాలా నేర్పుతుంది. సులువుగా విప్పే చెప్పులు వేసుకోండి, ప్రతి గుమ్మం దగ్గరా విప్పాల్సిందే. వేలాడే గాజులు, రాళ్ల ఉంగరాలు, పొడవు గొలుసులు పడుగుకు చిక్కుకుంటాయి, బసలోనే వదిలేయండి. చేతులకు నూనె, క్రీము, శానిటైజరు రాసుకుని పట్టు ముట్టుకోవద్దు, మరక పడితే పోదు. అడగకుండా పడుగును అసలు తాకొద్దు, దాని మీదుగా దాటొద్దు.

ఫొటోలు తీయొచ్చా?

మనుషుల్ని అడిగి తీయండి. డిజైన్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మగ్గం మీదున్న కొత్త డిజైన్ ఫొటో ఇంటర్నెట్‌లోకి వెళ్తే, ఆ చీర బజారుకు రాకముందే ప్రింటు నకలు వచ్చేస్తుంది. గళ్ల కాగితం, ఇంకా అమ్మకానికి రాని చీర, ఈ రెండూ తీయకండి. చేతులు, పనిముట్లు, గంజి కుంచె, రాట్నం ఎన్నైనా తీసుకోండి.

నేత కుటుంబానికి డబ్బు ఎలా ఇవ్వాలి?

మీరు ఉన్నంతసేపూ మగ్గం నడవదు, నడిచినా సగం వేగమే. ఒక పూట వాళ్లింట్లో గడిపితే ఆ పూట పోయిన మజూరీ, దాని మీద నేర్పినందుకు మరికొంత, ఈ రెండూ యాత్ర రుసుములోనే ఉండాలి. ఆసు పోసిన అమ్మకు, కండెలు చుట్టిన పెద్దాయనకు విడిగా ఇవ్వాలి. చీర కొంటారులే అన్న ఆశ చూపి ఉచితంగా పని చూడటం తప్పు, కొనడం వేరు, నేర్పినందుకు ఇవ్వడం వేరు. పిల్లల చేతిలో డబ్బు పెట్టొద్దు.

కొనాలనిపిస్తే బేరం ఆడొచ్చా?

ముందు ఆ చీర ఎవరిదో అడగండి. మాస్టర్ వీవర్ నూలిచ్చి నేయిస్తున్న చీరైతే, నేసే మనిషికి దాన్ని అమ్మే హక్కు లేదు. అమ్మమని పట్టుబడితే వాళ్లను ఇరకాటంలో పెట్టినట్టే. సొంత నూలుతో నేసినదైతే నేరుగా కొనండి. ఎన్ని రోజులు పట్టింది, ఎంతమంది పనిచేశారు అని అడిగి, ధరను ఆ రోజులతో భాగించి చూడండి. ఆ లెక్క చూశాక బేరమాడాలని ఎక్కువమందికి అనిపించదు.

అసలు చేనేతో కాదో ఎలా తెలుస్తుంది?

ఇక్కత్‌కైతే బట్ట తిరగేయండి. నూలుకే రంగు వేశారు కాబట్టి రెండు వైపులా రంగు సమానంగా ఉంటుంది. ప్రింటుకు వెనకవైపు వెలిసినట్టుంటుంది, గీత అంచులు కత్తిరించినంత నిటారుగా ఉంటాయి. జాందానీ అని చెప్పే చీరనూ తిరగేయండి: జకార్డ్ అనే యంత్రపు అమరికతో నేసిన బుటాకు వెనక వేలాడే పోగులో, కత్తిరించిన కొసలో ఉంటాయి.

నూలు రకానికి కాల్చి చూడటం పాత పద్ధతే అయినా నమ్మదగినది. విడి పోగు అడిగి తీసుకుని ఆరుబయట కాల్చండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది. పట్టుకు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

గుర్తుల విషయానికొస్తే, హ్యాండ్లూమ్ మార్క్ చేనేతకు, సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛతకు. సిల్క్ మార్క్ ఉన్నంత మాత్రాన చేనేత అని కాదు, మరమగ్గం మీద నేసిన పట్టుకూ అది ఉండొచ్చు. భౌగోళిక గుర్తింపు ఆ ఊరి పేరును కాపాడుతుంది, మీ చేతిలో ఉన్న చీర నాణ్యతకు విడిగా పూచీ కాదు. పోచంపల్లికి 2005లోనే ఆ గుర్తింపు వచ్చినా, ఆ పేరుతో ప్రింటు చీరలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

రంగులు వేసే చోట జాగ్రత్తలేమిటి?

కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనాలు వాడే తొట్ల దగ్గర రెండడుగులు వెనక్కి ఉండండి, కాళ్లకు చెప్పులు ఉంచుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు బయటి నుంచే చూడటం మేలు. వ్యాట్ రంగులు వేసే రోజైతే మాత్రం వదలొద్దు: తొట్టిలోంచి తీసిన నూలు ఒక రంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ కళ్లముందే అసలు రంగుకు తిరుగుతుంది.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

పన్నెండేళ్లు దాటిన పిల్లలకు బాగుంటుంది. అంతకన్నా చిన్నవాళ్లు గుంటలో పడే ప్రమాదముంది, పడుగు లాగే అవకాశం ఇంకా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇబ్బంది నేల మీద కూర్చోవడమే. మడిచే చిన్న స్టూలు వెంట తీసుకెళ్లండి.

తెలుగు రాని మిత్రులను తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. మాటలు అనువదించే మనిషికి నేత పని తెలిసి ఉండాలి, లేకపోతే ఆసుకూ పడుగుకూ తేడా పోయి రెండూ దారం చుట్టడమే అయిపోతాయి. వీవర్స్ సర్వీస్ సెంటర్‌లోనో, చేనేత సంస్థల్లోనో చదివినవాళ్లెవరైనా దొరికితే మంచిది.

రుసుము కట్టేముందు నిర్వాహకుల్ని ఏం అడగాలి?

ఏ ఇళ్లకు వెళ్తాం, ఆ ఇంటివాళ్లకు ఏ తేదీన చెప్పారు, వాళ్లకు ఎంత ఇస్తున్నారు, ఆ వారం ఆ మగ్గం మీద ఏ దశలో ఏ పని నడుస్తుంది. నాలుగో ప్రశ్నకు జవాబు ఆ ఇంటికి ఫోను చేసి కనుక్కోకుండా చెప్పలేరు. కాబట్టి వెంటనే గడగడా చెప్పేవాళ్ల కన్నా, రెండు రోజులు ఆగి కనుక్కుని చెప్పేవాళ్లను ఎంచుకోండి. దుకాణాల నుంచి కమిషన్ తీసుకుంటారా అని కూడా సూటిగా అడగండి. తీసుకుంటే, ఏ ఊరికి వెళ్లినా మీ మధ్యాహ్నాలు ఆ దుకాణాల్లోనే గడుస్తాయి.